రెండు డాలర్ల నోటు

అమ్మలూ,

నువ్వు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఎనిమిదో గ్రేడు పిల్లలకి అమెరికా చరిత్ర, ప్రభుత్వం చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నేను నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకూ గుండెల్లో దడ మొదలైంది.

పాఠాలకి సరుకు నెట్‌లో పుట్టెడు ఉంది. ప్రభుత్వం మూడు శాఖల గురించి చెప్పాలంటే ఐసివిక్స్ ఆటలు చాలు, ఉచితమే. సుప్రీంకోర్టు తొలి మహిళా జడ్జి సాండ్రా డే ఓకానర్ రిటైరయ్యాక 2009లో మొదలుపెట్టింది. సుప్రీంకోర్టు వాదనలు వినిపించాలంటే ఓయెజ్ అనే సైట్ ఉంది. ఇవన్నీ నాకంటే నీకే త్వరగా దొరుకుతాయి.

నేను చెప్పాల్సింది వేరే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, నెట్‌లో దొరికిన జాన్ ట్రంబుల్ పెయింటింగ్‌ని ప్రింట్ తీసి బోర్డుకి అంటించాను. "1776 జూలై 4న అందరూ అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు పెడుతున్నారు, చూడండి" అన్నాను. బొమ్మ కింద అలాగే రాసి ఉంది మరి. మర్నాడు వెనక వరస కుర్రాడు రెండు డాలర్ల నోటు తెచ్చి నా టేబుల్ మీద తిరగేసి పెట్టాడు. అదే బొమ్మ. "ఇందులో ఎవరూ సంతకం పెట్టడం లేదే?" అన్నాడు. కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాను. ఐదుగురు నిలబడి కాంగ్రెస్ అధ్యక్షుడు జాన్ హాన్‌కాక్‌కి ప్రకటన ముసాయిదా అందిస్తున్నారు, అంతే. అది జూన్ 28 నాటి సంగతి. జూలై 4న ఆమోదించారు, చాలామంది సంతకం పెట్టింది ఆగస్టు 2న.

ఇదంతా ఆ రాత్రే వెతికి తెలుసుకున్నాను. అయినా ఆ వారం క్విజ్‌లో ఆగస్టు 2 అని రాసిన ఆ పిల్లాడికి ఇంటూ పెట్టాను! తెలిసే పెట్టాను. అసలే నా యాస విని నవ్వుకునేవాళ్ళు. ఒక్కసారి తప్పు ఒప్పుకుంటే ఇక నా మాట ఎవరు వింటారని భయం. సెలవులిచ్చే ముందు రోజు పిలిచి చెబితే, "ఓకే" అని భుజాలెగరేసి పోయాడు. మార్కు వేశాను కానీ, ఆ ఇంటూ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

బొమ్మ కింద రాసింది నమ్మకు, తల్లీ. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ డాక్స్‌టీచ్ సైట్‌లో అసలు కాగితాల బొమ్మలే ఉంటాయి. అవి ముందు పెట్టి నువ్వు కాసేపు నోరు మూసుకో. చిన్నప్పటి నుంచీ నీకు చేతకానిది అదొక్కటే.

మన పంజాబ్ నుంచి అమెరికా వచ్చిన భగత్ సింగ్ థిండ్ కేసు మాత్రం వదలకు. 1923లో సుప్రీంకోర్టు ఆయన 'తెల్లవాడు' కాడు, కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడు అంది. 1946లో చట్టం మారాకే మనవాళ్ళకి మామూలు దారి తెరుచుకుంది. సొంత గోల అనుకుంటారని రిటైరయ్యేదాకా నేనా పాఠం ఎత్తలేదు. నీ క్లాసులో మన పిల్లలుంటారు, వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పు.

పొద్దున్నే ఏదైనా తిని వెళ్ళు. కవర్లో రెండు డాలర్ల నోటు పెట్టాను, పోస్టులో డబ్బు పంపకూడదని నాకు పాఠం చెప్పకు. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ పెద్దమ్మ