ఏబీఎస్ లైటు వెలగదు, స్కానర్ ఏమీ చెప్పదు, పెడల్ మాత్రం కొట్టుకుంటుంది

ప్రశ్న: మేం మిషిగన్‌లో ఉంటాం. 2001 మోడల్ షెవర్లే సిల్వరాడో 1500 పికప్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సిగ్నల్ దగ్గర నెమ్మదించి, ఇక బండి ఆగిపోతుందనగా బ్రేక్ పెడల్ కాలి కింద దడదడ కొట్టుకుంటోంది. కింది నుంచి గరగరమని చప్పుడు వస్తోంది. రోడ్డు పొడిగా ఉన్నా అంతే. ఆగాల్సిన చోట ఆగకుండా నాలుగడుగులు ముందుకు పోతోంది. బ్రేక్ వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ తాలూకు లైటు వెలగడం లేదు. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌లో చూస్తే ఏ కోడూ లేదంటోంది. మెకానిక్ బ్రేక్ రోటర్లు (చక్రంతో పాటు తిరిగే బ్రేక్ పళ్లేలు) మార్చమంటున్నాడు. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. రోటర్లు వంకరపోతే హైవే మీద వేగంగా వెళ్తూ బ్రేక్ వేసినప్పుడు పెడల్, స్టీరింగ్ వణుకుతాయి. వేగం తగ్గేకొద్దీ వణుకూ తగ్గుతుంది. మీ బండిలో జరుగుతున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. గంటకు పది మైళ్ల లోపు, చివరి క్షణంలోనే వస్తోంది. ఆ కాలపు సిల్వరాడోల్లో ఇది బాగా తెలిసిన జబ్బు. ముందు చక్రాల స్పీడ్ సెన్సర్ కింద తుప్పు.

ఆ సెన్సర్ ఒక అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట. హబ్‌లో, అంటే చక్రాన్ని బిగించే మధ్య భాగంలో, పళ్లున్న రింగు దాని ఎదురుగా తిరుగుతుంటే చిన్న కరెంటు పుడుతుంది. చక్రం వేగంగా తిరిగితే సిగ్నల్ బలంగా ఉంటుంది, నెమ్మదిస్తే బలహీనపడుతుంది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు హబ్ తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొరలుగా పెరిగి, బిగించిన సెన్సర్‌ను కొద్దికొద్దిగా పైకి లేపుతుంది. రింగుకూ సెన్సర్‌కూ మధ్య సందు పెరుగుతుంది. మామూలు వేగంలో సిగ్నల్ ఎలాగో సరిపోతుంది. బండి ఆగబోయేటప్పుడు మాత్రం అది పూర్తిగా పడిపోతుంది. ఒక చక్రం ఉన్నట్టుండి తిరగడం మానేసిందని, అంటే లాక్ అయిందని, కంప్యూటర్ అనుకుంటుంది. వెంటనే ఆ చక్రానికి బ్రేక్ వదులుతూ పడుతూ ఉంటుంది. మీ కాలికి తగిలే దడదడ అదే. బండి ముందుకు పోవడానికి కారణమూ అదే. ముందున్న కారుకూ మీకూ మధ్య ఖాళీ ఎంతో ఉండదు కాబట్టి దీన్ని వాయిదా వేయకండి.

ఇక స్కానర్ సంగతి. ఇక్కడ రెండు విషయాలున్నాయి. అమెరికాలో 1996 నుంచి తప్పనిసరి చేసిన ఓబీడీ-2 పొగ, ఇంజిన్ వ్యవహారాల కోసం వచ్చింది. చవక బ్లూటూత్ పరికరాలు పీ అక్షరంతో మొదలయ్యే ఆ కోడ్‌ల వరకే చదువుతాయి. బ్రేకుల కోడ్‌లు సీ అక్షరంతో మొదలవుతాయి. అవి చదవాలంటే ఏబీఎస్ మాడ్యూల్‌తో, అంటే ఏబీఎస్‌ను నడిపే కంప్యూటర్‌తో, మాట్లాడగల స్కానర్ కావాలి. మీ బండి పాత జే1850 వీపీడబ్ల్యూ పద్ధతిలో మాట్లాడుతుంది కాబట్టి, కొనేముందు ఆ సంవత్సరం జీఎం ట్రక్కుల ఏబీఎస్‌ను చదువుతుందా అని చూసుకోండి. రెండో విషయం ఇంకా ముఖ్యం. ఎంత మంచి స్కానర్ పెట్టినా మీ బండిలో కోడ్ కనిపించకపోవచ్చు. కంప్యూటర్ దృష్టిలో ఏదీ చెడిపోలేదు, అది తన పని తాను చేస్తోంది. కోడ్ లేదు కాబట్టి ఏబీఎస్ బాగుందని తీర్మానించడం చాలా గ్యారేజీల్లో జరిగే పొరపాటు. అనవసరంగా రోటర్లు, ప్యాడ్‌లు మార్పించుకునేది ఇక్కడే.

చూడాల్సింది లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా సెన్సర్లు పంపే అంకెలు. పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, ఖాళీ పార్కింగ్ స్థలంలో నెమ్మదిగా వెళ్తూ బండి ఆపండి. స్కానర్‌లో రెండు ముందు చక్రాల వేగాలు పక్కపక్కనే పెట్టి ఆయన్ను చూడమనండి. ఒకటి ఐదు మైళ్లు చూపిస్తుండగా రెండోది ముందే సున్నాకు పడిపోతే దొంగ దొరికినట్టే. స్కానర్ లేకపోతే బానెట్ కింద ఫ్యూజ్ పెట్టెలో ఏబీఎస్ ఫ్యూజ్ తీసి, అదే ఖాళీ స్థలంలో మరోసారి ఆపి చూడండి. దడదడ పోతే లోపం ఏబీఎస్ వైపే. పరీక్ష అవగానే ఫ్యూజ్ తిరిగి పెట్టేయండి. అది తీసేసి తిరిగేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. ఈ ట్రక్కుల్లో వెనక బ్రేకుల ఒత్తిడిని సరిచూసేది కూడా ఆ మాడ్యూలే. అది లేకపోతే ఖాళీ ట్రక్కు వెనక చక్రాలు ముందే లాక్ అయ్యే ప్రమాదం ఉంది.

రిపేరుకు చక్రం, క్యాలిపర్ (రోటర్‌ను ప్యాడ్‌లతో నొక్కిపట్టే భాగం), రోటర్ తీసి సెన్సర్‌ను విప్పాలి. హబ్ మీద అది కూర్చునే చోట తుప్పును లోహం మెరిసేదాకా గీకి, తుప్పు పట్టకుండా పూత వేసి తిరిగి బిగించాలి. తీసేటప్పుడు ఆ రంధ్రాన్ని గుడ్డతో మూయమనండి, తుప్పు రజను లోపలి బేరింగ్‌లో పడకూడదు. పాత సెన్సర్ ఇరుక్కుని విరిగితే కొత్తది వేయాలి. హబ్ బేరింగ్ లూజుగా ఉంటే సెన్సర్‌తో కలిపి వచ్చే హబ్ వేయించడమే మేలు.

ఇదే లోపం మీద 2005లో జనరల్ మోటార్స్ ఉప్పు చల్లే రాష్ట్రాల్లోని సుమారు 8 లక్షల పికప్‌లు, ఎస్‌యూవీలను రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. అప్పట్లో మీ బండికి ఆ పని జరిగిందో లేదో డీలర్‌కు వీఐఎన్ (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు) నంబర్ ఇచ్చి కనుక్కోండి. రీకాల్ పాతది కాబట్టి ఇప్పుడు ఉచితంగా చేస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఎప్పుడైనా లైటు వెలిగి సీ0265 కోడ్ వస్తే మాడ్యూల్ పోయిందని వెంటనే కొత్తది కొనకండి. డ్రైవర్ సీటు కింద ఫ్రేముకు బిగించిన గ్రౌండ్ వైర్ తుప్పు పట్టినా అదే కోడ్ వస్తుంది. ముందు దాన్ని విప్పి శుభ్రం చేయించండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. 2006 ఫోర్డ్ ఎఫ్-150లో ఏబీఎస్ లైటు వెలిగింది. కొన్న బ్లూటూత్ ఓబీడీ పరికరం నా ఐఫోన్‌కు కనెక్ట్ కావడం లేదు. పరికరం పాడైందా?

జవాబు: చాలావరకు పాడై ఉండదు. పాత రకం బ్లూటూత్‌తో వచ్చే ఓబీడీ పరికరాలు చాలావరకు ఐఫోన్‌తో పనిచేయవు. బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై రకం తీసుకోండి. లేదా ఉన్నదాన్నే విండోస్ ల్యాప్‌టాప్‌కు కలిపి ఫోర్‌స్కాన్ సాఫ్ట్‌వేర్‌తో చూడండి. ఫోర్డ్ బండ్ల ఏబీఎస్ మాడ్యూల్‌ను అది చదువుతుంది. కోడ్ ఏ చక్రం పేరు చెప్పినా అది ఆ సర్క్యూట్ గురించి మాత్రమే. కాబట్టి సెన్సర్ కొనేముందు దాని వైరు ఎక్కడైనా ఒరుసుకుని తెగిందేమో, కనెక్టర్‌లో పచ్చగా తుప్పు పట్టిందేమో చూడండి.