‘సోలెడు’కి ముందు ‘ఒక’ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మమ్మ దాచుకున్న పాత వంటల పుస్తకంలోని వంటకాలు మళ్ళీ చేసి చూస్తూ, వాటిని తిరగరాస్తున్నాను. చక్కెర పొంగలికి ‘సోలెడు బియ్యం, గిద్దెడు పెసరపప్పు’ అని ఉంది. ‘ఒక సోలెడు’ అని దిద్దాలా? గ్రాముల్లోకి మార్చేయాలా?

సమాధానం: దిద్దకండి. సోల అన్నది గిన్నె పేరు. సోలెడు అంటే ఆ గిన్నెకి పట్టినంత. ‘ఒకటి’ అన్న అర్థం ‘ఎడు’లోనే ఉంది.

ఈ ప్రత్యయం మీద నాకు చెప్పలేనంత ఇష్టం. దాని అందమంతా వేమన పద్యంలో ఉంది. ‘గంగిగోవు పాలు గరిటెడైనను చాలు, కడివెడైననేమి ఖరము పాలు’ అన్నాడు. ఆ వెంటనే ‘భక్తి కలుగు కూడు పట్టెడైనను చాలు’ అన్నాడు. మూడు పాదాల్లో మూడు కొలతలు. ఒకటి గరిటె, ఒకటి కడవ, మూడోది చెయ్యి. దేనికీ ‘ఒక’ తగిలించలేదు. గరిటెడు అన్నప్పుడు ‘ఆ కాస్త’ అని వినిపిస్తుంది, కడివెడు అన్నప్పుడు ‘అంత’ అని వినిపిస్తుంది. ప్రత్యయం అదే. చిటికెడు ఉప్పూ, గంపెడు ఆశా కూడా ఇలాంటివే. పైగా పిడికిలి పిడికెడయింది, దోసిలి దోసెడయింది, కడవ కడివెడయింది. వాడివాడి నునుపెక్కిన మాటలివి.

జానెడు, మూరెడు, బారెడు అని పొడవుకీ ఇదే వాడతాం.

పాతబడిన ప్రత్యయమనీ అనుకోకండి. గ్లాసు రాగానే గ్లాసెడు అన్నాం, కప్పు రాగానే కప్పెడు అన్నాం. ఇంత చక్కని సదుపాయం ఉండగా, వంటల వీడియోల్లో ‘వన్ కప్ రైస్ యాడ్ చేసుకోండి’ అంటుంటే బాధేస్తుంది. ‘కప్పెడు బియ్యం పోయండి’ అంటే ఎవరికి అర్థం కాదు?

ఇక గ్రాముల సంగతి. నేను విన్న లెక్కలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కొలపాత్రల పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, ఆ తర్వాత ఇవి మెల్లగా అటకెక్కాయి. మీ పుస్తకం ఏ ప్రాంతపు సోలని తలచుకుందో తెలియకుండా గ్రాములు వేస్తే తప్పు లెక్క అచ్చవుతుంది. నాలుగుకి ఒకటి అన్న పాళ్ళు మాత్రం ఏ గిన్నెతో కొలిచినా మారవు. మూల పాఠం అలాగే ఉంచి, కింద ‘బియ్యం నాలుగు వంతులు, పప్పు ఒక వంతు’ అని రాయండి.

‘రెండు సోలెడు’ అనకూడదు, ‘రెండు సోలలు’ అనాలి. ‘ఒక గుప్పెడు’ దగ్గర మాత్రం అంత గట్టిగా చెప్పలేను. మా ఇంట్లోనూ ‘ఒక గుప్పెడు కరివేపాకు వెయ్యి’ అనే అంటారు. నోటి మాటగా దాన్ని తప్పనను. నా రాతలో కనిపిస్తే ఆ ‘ఒక’ని కొట్టేస్తాను.