లెక్కలంటే ఇష్టమున్న అమ్మాయికి ఏ మేజర్? అప్పు చేసే ముందు చూడాల్సినవి

ప్రశ్న: మా అమ్మాయికి లెక్కలంటే ఇష్టం. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, యాక్చూరియల్ సైన్స్ (బీమా, పింఛన్లలో నష్టభయాన్ని లెక్కగట్టే శాస్త్రం), డేటా సైన్స్ అన్నింట్లోనూ సీటు వచ్చేలా ఉంది. నాలుగేళ్ల ఫీజూ విద్యారుణంతోనే కట్టాలి. ఏది చదివితే అప్పు త్వరగా తీరుతుంది?

జవాబు: ఏ డిగ్రీకి జీతం ఎక్కువ అన్నది తర్వాత చూద్దాం. నాలుగేళ్లలో చదువు పూర్తవుతుందా, మధ్యలో మనసు మారితే ఎంత నష్టం అన్నది ముందు చూడండి. అప్పును బాగా పెంచేది అదే.

ఏటా మొదట్లో 25 చొప్పున నాలుగేళ్లలో 100 అప్పు చేశారనుకుందాం (వేలైనా లక్షలైనా లెక్క ఒకటే). వడ్డీ 10 శాతం, ఏడాదికోసారి అసలులో కలుస్తుంది. చదువు ముగిసేసరికి బాకీ 127.6 అవుతుంది. పదేళ్ల నెలవాయిదాల్లో తీరిస్తే మొత్తం కట్టేది సుమారు 202. ఐదో ఏడాది చదవాల్సి వస్తే బాకీ దాదాపు 168కి చేరుతుంది, కట్టేది 266 అవుతుంది. అదనంగా తెచ్చింది 25, అదనంగా కట్టేది 64. ఆపైన ఒక ఏడాది జీతం రాకుండా పోతుంది.

ఐదో ఏడాది ఎందుకు పడుతుంది? ఈ సబ్జెక్టులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. కాలిక్యులస్ రాకుండా ప్రాబబిలిటీ లేదు, అది లేకుండా మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ లేదు, ఆ తర్వాతే రిగ్రెషన్ (ఒక అంకె మిగతావాటిమీద ఎలా ఆధారపడుతుందో అంచనా కట్టడం), టైమ్ సిరీస్ (కాలంతో మారే అంకెల విశ్లేషణ). చాలా కాలేజీల్లో పై స్థాయి పేపర్లు ఏడాదికి ఒక్కసారే చెబుతారు. ఒకటి తప్పితే దాని వెనకున్నవన్నీ ఏడాది వెనక్కి జరుగుతాయి. మొదటి రెండేళ్లలో కాలిక్యులస్ మొత్తం, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఒక ప్రోగ్రామింగ్ భాష పూర్తిచేస్తే ఐదింటిలో ఎటు మారినా పెద్దగా నష్టం ఉండదు.

అందుకే నా ఓటు ప్రధాన సబ్జెక్టుగా (మేజర్) స్టాటిస్టిక్స్‌కి, పక్కన ఎకనామిక్స్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ అనుబంధ సబ్జెక్టుగా, అంటే మైనర్‌గా. మిగతా నాలుగింటితోనూ పాఠాలు ఎక్కువగా కలిసేది దీనికే.

యాక్చూరియల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. యాక్చువరీ హోదా డిగ్రీతో రాదు, వృత్తి సంస్థలు పెట్టే పరీక్షలతో వస్తుంది. వాటిని మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లూ రాయొచ్చు. కొన్ని సంస్థలు తాము గుర్తించిన డిగ్రీలకు కొన్ని పరీక్షల నుంచి మినహాయింపు ఇస్తాయి. యాక్చూరియల్ డిగ్రీకి ఎక్కువ ఫీజు అడుగుతుంటే, ఏ పరీక్షకు మినహాయింపు, దానికి కనీసం ఎన్ని మార్కులు రావాలి అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. అది చెప్పలేకపోతే ఆ అదనపు ఫీజు దండగ.

ఇష్టం ఎంత గట్టిదో తేల్చుకోవడానికి చవకైన దారి ఒకటుంది. రెండో ఏడాది చివర్లో మొదటి ప్రాబబిలిటీ పరీక్ష రాయించండి. అమెరికాలోని వృత్తి సంస్థ సొసైటీ ఆఫ్ యాక్చువరీస్ పెట్టే 'ఎగ్జామ్ పి' అనే ప్రాబబిలిటీ పరీక్షలో 3 గంటల్లో 30 ప్రశ్నలు ఉంటాయి. రెండేళ్ల కాలిక్యులస్, ప్రాబబిలిటీ బాగా చదివితే సిలబస్ దాదాపు పూర్తయినట్టే. దాని ఫీజు ఒక ఏడాది చదువు ఖర్చుతో పోలిస్తే చాలా చిన్నది.

డేటా సైన్స్‌లో చేర్చాలనుకుంటే సిలబస్ తెప్పించి చూడండి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ విడివిడి పేపర్లుగా ఉండాలి. సాఫ్ట్‌వేర్ పేర్లే వరుసగా కనిపిస్తే వద్దు. ఆ సాఫ్ట్‌వేర్లు మారిపోతాయి, పునాది లేకపోతే కొత్తవి అర్థం కావు.

ఎకనామిక్స్‌లో గణితం ఎక్కువున్న విభాగం ఉంటే అదే ఎంచుకోండి. ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలకు స్టాటిస్టిక్స్ వాడే పేపరు) తప్పనిసరి. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్ వెనకున్న నిరూపణల గణితం) కూడా కావాలి. మ్యాథ్స్ మేజర్ పైచదువులకు బలం. ఉద్యోగానికైతే రిగ్రెషన్, ప్రోగ్రామింగ్ విడిగా చేర్చుకోవాలి.

ఇక అప్పు. మొత్తం ఒకేసారి తీసుకోకండి, ఏ ఏడాది ఫీజు ఆ ఏడాదే విడుదల చేయించుకోండి. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టగలిగితే నాలుగేళ్లలో 25 కడతారు, చదువయ్యాక బాకీ 100 దగ్గరే ఆగుతుంది. అప్పుడు మొత్తం కట్టేది 202 కాదు, సుమారు 184. వడ్డీ మొత్తం కట్టలేకపోతే సగమైనా కట్టండి. మీ బ్యాంకు చదువు కాలంలో బారువడ్డీ వేస్తుందా, చక్రవడ్డీ వేస్తుందా అన్నది సంతకం చేసే ముందే అడగండి.