జనం మాట చదివే పని మొదలుపెట్టిన అమ్ములుకు

అమ్ములూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది సగమే వినపడింది. మీ పీజీ కింద రోడ్డు తవ్వుతున్నారు, ఇక్కడ మా వీధిలో బోరు వేస్తున్నారు. నీ గొంతులో టెన్షన్ మాత్రం బాగానే వినపడింది. పేరున్న ఫోన్ ఒకటి ఇన్నాళ్లూ లేని నెట్‌వర్క్‌లోకి వస్తోంది. దాని గురించి జనం సర్వేలో రాసిన నాలుగు వేల జవాబులు నీకిచ్చి, సోమవారానికల్లా సంతోషం, అసంతృప్తి, మధ్యస్థం అని మూడు కుప్పలు పెట్టమన్నారు. రెండొందలు చదివేసరికి అన్నీ ఒకేలా కనపడుతున్నాయని అన్నావు.

ఈ పని నేనూ ఈ బెంగళూరులోనే చేశాను. అదీ ఇలాంటి విషయం మీదే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువుకో.

అది 2011 జనవరి. మా ఆఫీసు అప్పుడు మారతహళ్లిలో ఉండేది. అమెరికా సర్వేల్లో జనం సొంత మాటల్లో రాసిన జవాబులు మా దగ్గరికి వచ్చేవి. ఓపెన్ ఎండ్స్ అనేవాళ్లం. ఒక్కో రకం అభిప్రాయానికి ఒక్కో నంబరు ఉండేది. ఒక్కో జవాబు చదివి, దానికి తగిన నంబరు వెయ్యడం మా పని. జనవరి 11న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో ప్రకటన వచ్చింది, ఐఫోన్ 4 అక్కడి ఫోన్ కంపెనీ వెరైజన్‌లోకి వస్తోందని. అక్కడ ఉదయం పదకొండు, మనకు రాత్రి తొమ్మిదిన్నర. 2007 జూన్‌లో మొదటి ఐఫోన్ వచ్చినప్పటి నుంచి అమెరికాలో దానికి ఏటీ అండ్ టీ అనే ఇంకో కంపెనీ నెట్‌వర్క్ ఒక్కటే దారి. మూడున్నరేళ్లు ఆ ఫోన్ కోసం ఆగినవాళ్లున్నారు. కాల్స్ మధ్యలో కట్ అవుతున్నాయని విసిగిపోయినవాళ్లూ ఉన్నారు. అమ్మకాలు ఫిబ్రవరి 10న మొదలయ్యాయి. ఆ నెలంతా మా టేబుళ్ల మీద ఇదొక్కటే విషయం.

మొదటి వారం నేను పెద్ద తప్పు చేశాను. 'ఎట్టకేలకు' అన్న అర్థం వచ్చే మాట కనపడితే చాలు, 'నెట్‌వర్క్ మారతారు' అన్న నంబరు వేసేశాను. అంత సంబరపడుతున్నవాళ్లు మారకుండా ఉంటారా అనుకున్నాను. టీమ్‌లో చాలామందిమి అలాగే వేశాం. దాన్ని బట్టి తయారైన రిపోర్టు చదివితే, పాత నెట్‌వర్క్ ఖాళీ అయిపోతుందన్నట్టే ఉంది. ఏప్రిల్‌లో రెండు కంపెనీలూ మూడు నెలల లెక్కలు చెప్పాయి. వెరైజన్ 22 లక్షల ఐఫోన్లు యాక్టివేట్ చేసింది, అదీ ఫిబ్రవరిలో అమ్మకం మొదలయ్యాకే. చాలా పెద్ద సంఖ్య. కానీ అదే మూడు నెలల్లో ఏటీ అండ్ టీ 36 లక్షల ఐఫోన్లు యాక్టివేట్ చేసింది.

చాలా రోజులు నాకు మనసు మనసులో లేదు. తర్వాత ఆ జవాబులన్నీ మళ్లీ తీసి, భోజనం టైములో కూర్చుని చదివాను. జనం అబద్ధం రాయలేదమ్మా. సంతోషమని రాసినవాళ్లు నిజంగానే సంతోషించారు. మారతామని మాత్రం రాయలేదు. ఆ మాట నేను చేర్చాను.

అందుకని జవాబు చదివే ముందు, అది రాసినవాళ్లు ఇప్పుడు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నారో చూడు. నీ ఫైల్‌లో ఆ కాలమ్ ఉండే ఉంటుంది. దాన్ని జవాబు పక్కకే తెచ్చి పెట్టుకో. మా అప్పటి జవాబుల్లో 'మంచి వార్త' అని ముగ్గురు రాశారనుకో. ఒకరు మొదటి నుంచీ వెరైజన్‌లోనే ఉన్నారు, ఇక నెట్‌వర్క్ మారకుండానే ఐఫోన్ దొరుకుతుందని ఆనందం. ఇంకొకరు ఏటీ అండ్ టీలో ఉన్నారు, బయటికి దారి దొరికిందని ఆనందం. మూడో మనిషీ ఏటీ అండ్ టీలోనే ఉన్నారు, ఎక్కడికీ వెళ్లరు. పక్కవాళ్లంతా వెళ్లిపోతే రద్దీ తగ్గి తన కాల్స్ బాగుపడతాయని వాళ్ల ఆశ. ఈ మూడో రకం చాలామందే కనపడ్డారు మాకు. ముగ్గురినీ ఒకే కుప్పలో వేస్తే ఆ కుప్పకు అర్థమే ఉండదు. సంతోషం లేనివాళ్లలో కూడా ఇలాగే చూడాలి. క్రిస్మస్‌కు ముందే వెరైజన్‌లో వేరే స్మార్ట్‌ఫోన్ కొనుక్కున్నవాళ్లు కోపంగా రాశారు. ఆ కోపం ఐఫోన్ మీద కాదు, నెల రోజులు ముందే ఎవరూ తమకు చెప్పలేదని.

డబ్బు సంగతి దగ్గర నాకు ఇంకా ఎక్కువ టైం పట్టింది. మనం ప్రీపెయిడ్ మనుషులం. ఆ జనవరి 20నే మన దేశమంతటా నంబర్ పోర్టబిలిటీ వచ్చింది. మా టీమ్ అమ్మాయిలు కాంటీన్‌లో కూర్చుని 1900కి పోర్ట్ అని మెసేజ్ పెట్టి, నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారడం మొదలుపెట్టారు. నెట్‌వర్క్ మారడం అంటే మాకు అంత తేలిక. అమెరికాలో ఆ ఫోన్ 16 జీబీది 199 డాలర్ల 99 సెంట్లు. అప్పటి లెక్కలో మనకు దాదాపు తొమ్మిది వేలు. అదే ఫోన్ మే నెలలో మన దేశానికి వచ్చినప్పుడు 34,500 రూపాయలు. అంత చవగ్గా వస్తుంటే వీళ్లు ఇంకా ఏం ఆలోచిస్తున్నారా అనుకున్నాం. ఆ ధరకు రెండేళ్ల ఒప్పందం ఉంటుందని తెలుసు. ఆ ఒప్పందం మనిషిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో తెలియదు. అప్పట్లో ఏటీ అండ్ టీలో స్మార్ట్‌ఫోన్ ఒప్పందం మధ్యలో తెంచుకుంటే కట్టాల్సింది 325 డాలర్లు, గడిచిన ప్రతి నెలకూ పది డాలర్లు తగ్గేది. అంటే ఆరు నెలల ముందు ఐఫోన్ 4 తీసుకున్న మనిషి బయటికి రావాలంటే 265 డాలర్లు కట్టి, మళ్లీ కొత్త ఫోన్‌కు 199 పెట్టాలి.

ఒకాయన జవాబు నాకు ఇంకా గుర్తుంది. వచ్చే ఏడాది జూన్ తర్వాత చూస్తానని రాశాడు, అంతే. నేను 'ఆసక్తి లేదు' అన్న నంబరు వేశాను. రెండోసారి చదివినప్పుడు గుండె కలుక్కుమంది. ఆయనకున్నంత ఆసక్తి ఆ పేజీలో ఇంకెవరికీ లేదు. ఒప్పందం తీరే నెల ఏదో లెక్కపెట్టుకుని కూర్చున్న మనిషి ఆయన. జవాబులో నెల పేరో పండగ పేరో కనపడితే ఆగు. 'ఎప్పుడు' అని ఒక కాలమ్ విడిగా పెట్టుకో. మీ మేనేజర్ గారు అడగకపోయినా సరే.

ఫ్యామిలీ ప్లాన్ వాళ్లు ఇంకో తరహా. ఒకే బిల్లు మీద నాలుగైదు లైన్లు ఉంటాయి. కూతురికి ఐఫోన్ కావాలి, తండ్రికి ఆఫీసు ఫోన్, తల్లికి ఏదైనా పర్వాలేదు. ఒక్కరు మారితే బిల్లు పెరుగుతుంది, అందరూ మారాలంటే అందరి ఒప్పందాలూ ఒకేసారి తీరవు. ఇలాంటి ఇంట్లోవాళ్లు రాసేది చాలా చప్పగా ఉంటుంది, చూద్దాం, ఇంట్లో మాట్లాడాలి అని. 'మధ్యస్థం' కుప్పలో పడేసేది ఎక్కువగా వీళ్లనే. వాళ్లకు అభిప్రాయం లేక కాదు, నిర్ణయం వాళ్లొక్కరి చేతిలో లేదు. నీకీ విషయం విడమరిచి చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో ఫ్రిజ్ మార్చడానికి మీ అమ్మ ఎన్నాళ్లు ఆగిందో నువ్వు చూశావు.

అన్‌లిమిటెడ్ డేటా వాళ్లు కూడా ఉన్నారు. ఏటీ అండ్ టీ 2010 జూన్‌లో కొత్తవాళ్లకు ఆ ప్లాన్ ఆపేసింది, పాతవాళ్లకు ఉంచింది. ఒకసారి వదిలేస్తే మళ్లీ రాదన్న భయంతో ఎంత విసుగున్నా కదలనివాళ్లను చూశాను. చేతిలో ఉన్నది పోతుందన్న భయం కొత్తది వస్తుందన్న ఆశ కంటే బరువైనది. జవాబులో అది ఒక్క ముక్కలోనే ఉంటుంది, తొందరగా చదివితే జారిపోతుంది.

ఇక ఫోన్ మీద వచ్చిన సందేహాలు. వెరైజన్‌ది అప్పట్లో సీడీఎంఏ అనే వేరే రకం నెట్‌వర్క్. అందులో కాల్ మాట్లాడుతూ అదే టైములో నెట్‌వర్క్ డేటా వాడటం కుదిరేది కాదు, ఏటీ అండ్ టీ 3జీలో కుదిరేది. కొందరు దాన్ని పట్టించుకోలేదు. ఫోన్లో మాట్లాడుతూనే దారి చూసుకోవాల్సినవాళ్లకు మాత్రం అదే అడ్డు. వెరైజన్ అప్పటికి రెండు నెలల కిందటే 4జీ మొదలుపెట్టింది, ఈ ఫోన్‌లో అది లేదు. దానికితోడు ఐఫోన్ కొత్త మోడల్ నాలుగేళ్లుగా జూన్, జులై నెలల్లోనే వస్తోంది. ఫిబ్రవరిలో కొంటే నాలుగు నెలల్లో పాతదైపోతుందన్న లెక్క చాలామందిది. ఆ ఏడు అది అక్టోబరుకు గానీ రాలేదు, కానీ ఆ సంగతి ఫిబ్రవరిలో వాళ్లకెలా తెలుస్తుంది? సైలెంట్ బటన్ కాస్త జరగడంతో ఫోన్‌కు తొడిగే పాత కవర్లు కొన్ని సరిపోవని కూడా రాశారు. చిన్న విషయమే, వదిలెయ్యకు. అంత చిన్నది గమనించిన మనిషి కొనడానికి దగ్గరగా ఉన్నాడని నా అనుభవం.

నా మనసుకు బాగా దగ్గరైనవి చిన్న ఊళ్లవాళ్ల జవాబులు. వాళ్ల ఊళ్లో వెరైజన్ సిగ్నల్ ఒక్కటే దొరికేది. మూడున్నరేళ్లు ఆ ఫోన్‌ను టీవీలో చూశారు, పట్నంలో చుట్టాల చేతుల్లో చూశారు. ఆ సంతోషం ఫోన్ గురించి కాదమ్మా. మా ఊరికీ వచ్చింది అన్న సంతోషం. మదనపల్లె దగ్గర మన పల్లెలో డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితేనే సిగ్నల్ దొరికే రోజులు నాకు తెలుసు. మీ తాతయ్యకు ఒంట్లో బాగాలేనప్పుడు రాత్రిపూట మీ అమ్మ ఆ మెట్లెక్కి నాకు ఫోన్ చేసేది. అందుకే ఆ జవాబులు నాకు వెంటనే అర్థమయ్యాయి. నీకూ అర్థమవుతాయి. వాటికి 'కవరేజీ' అని విడిగా ఒక నంబరు పెట్టు, 'ఫోన్ నచ్చింది' కింద కలపొద్దు.

ఫిబ్రవరి 10న షాపుల ముందు క్యూలు అనుకున్నంత లేవు. అది చూసి ఫోన్ తేలిపోయిందని మా ఆఫీసులో కొందరు తేల్చేశారు. నిజానికి వెరైజన్ తన పాత కస్టమర్లను వారం ముందే, ఫిబ్రవరి 3న, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసుకోనిచ్చింది. అక్కడ తెల్లవారుజామున మూడింటికి మొదలైంది, అయినా లేచి ఆర్డర్ పెట్టినవాళ్లున్నారు. అన్నిటికంటే ఆత్రం ఉన్నవాళ్లు చలికాలం పొద్దున వీధిలో నిలబడాల్సిన అవసరమే లేకపోయింది. మీ ఆఫీసులో ఎవరైనా క్యూ ఫోటో పట్టుకొస్తే, ఆన్‌లైన్ ఆర్డర్లు ఎప్పుడు తెరిచారని అడుగు.

ఇప్పుడు నీ నాలుగు వేల సంగతి. ఫైల్‌లో ఉన్న వరసలో చదవొద్దు. సర్వే వచ్చిన గంటలోనే జవాబు రాసేది ఎక్కువగా ఇష్టమో కోపమో బాగా ఉన్నవాళ్లు, పైన ఉండేవి వాళ్లవే. నీకు రెండొందలు ఒకేలా కనపడటానికి కారణం అదే అయ్యుంటుంది. వరస కలిపేసి ఇంకో రెండొందలు తియ్యి. వాటికి నంబర్లు వెయ్యకుండా ఊరికే చదువు. అర్థం కానిదాన్ని పైకి చదివితే గొంతు తెలుస్తుంది. తర్వాతే నంబర్ల పట్టీ రాసుకో, అందులో ఫోన్, నెట్‌వర్క్, డబ్బు వేరువేరుగా ఉండాలి. ఒకే జవాబుకు మూడూ పడొచ్చు, తప్పులేదు. 'ఇతరాలు' పెరిగిపోతుంటే తప్పు జనంలో లేదు, నీ పట్టీలో ఉంది, ఆపి దిద్దుకో. సాయంత్రం పొద్దున్నవి ఒక వంద మళ్లీ చెయ్యి, అలసిపోయాక నీ చెయ్యి మారిందేమో తెలుస్తుంది. అదే వంద నీ పక్క సీటు అమ్మాయికి కూడా ఇవ్వు. ఇద్దరికీ తేడా వచ్చిన చోట్ల వాదించుకోండి, నేను ఈ పని నేర్చుకున్నది అలాంటి వాదనల్లోనే.

మేనేజర్ గారితో గొడవ పడొద్దు. వారు అడిగిన మూడు కుప్పలూ ఇవ్వు. వాటితోపాటు ఒక్క పేజీ జతచెయ్యి: సంతోషపడినవాళ్లలో మారతామని తమంతట తాము రాసినవాళ్లు ఎంతమంది, ఆగుతామన్నవాళ్లు ఎందుకు ఆగుతున్నారు, ఎప్పటిదాకా. వీలైతే రెండు నెలల తర్వాత వీళ్లనే మళ్లీ అడగండి అని చివర్లో రాయి. అప్పట్లో మాకు అలా అడిగే అవకాశం ఇవ్వలేదు, ఆ బాధ నాకు ఇంకా ఉంది.

ఆదివారం మధ్యాహ్నానికి రా. ఆ జవాబుల ఫైల్ మాత్రం ఇంటికి తేవద్దు, అందులో జనం పేర్లూ నంబర్లూ ఉంటాయి. నీ నంబర్ల పట్టీ ఒక్కటి కాగితం మీద రాసుకుని తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చూద్దాం. మీ అమ్మ పంపిన ఉలవలున్నాయి, ఉలవచారు పెడతాను.

మీ పెద్దమ్మ