డేలిలీ దుబ్బు పెరిగినా పూలు తగ్గడానికి కారణం

ప్రశ్న: మాది చంద్రగిరి. పసుపు పూల స్టెల్లా డి ఓరో డేలిలీని ఇంటి ముందు మడిలో నాటి నాలుగేళ్లయింది. మొదట్లో విడతలు విడతలుగా పూసేది. ఇప్పుడు నెలనెలా యూరియా వేస్తున్నా ఆకులే వస్తున్నాయి, వానలకు కొన్ని పిలకలు కుళ్లాయి. ఏం చేయాలి?

జవాబు: ముందుగా యూరియా ఆపండి. నత్రజని ఎక్కువైతే ఈ మొక్క ఆకు మీదికే పోతుంది. నాలుగేళ్లుగా కదిలించని దుబ్బులో పిలకలు ఒకదానినొకటి ఒత్తుకుని పూకాడలు తగ్గుతాయి కాబట్టి, దాన్ని విడదీయడమే అసలు మందు. మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు వెనక్కు తగ్గాక, జనవరిలో ఈ పని పెట్టుకోవడం మేలు. దుబ్బును చుట్టూ తవ్వి వేర్లతో సహా పైకి తీసి, మట్టి కడిగి, మెత్తబడి వాసన వస్తున్న భాగాలను కోసి పారేసి, రెండు మూడు పిలకలున్న ముక్కలుగా విడదీయండి. ఆకులను జానెడు ఎత్తుకు కత్తిరించి, ఒక రోజు నీడలో ఆరనిచ్చిన తర్వాత అడుగున్నర ఎడంలో నాటాలి. ఆకులు, వేర్లు కలిసే మొదలు భాగం మట్టిలో అంగుళానికి మించి దిగకూడదు. లోతుగా నాటి పైన నీరు నిలిస్తే కుళ్లు మళ్లీ వస్తుంది. అందుకే మడికి బదులు కాస్త ఎత్తు చేసిన బోదె మీద, బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపిన మట్టిలో నాటండి.

ఉదయపు ఎండ తగిలి, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీడ పడే చోటు దీనికి సరిపోతుంది. పూర్తి నీడలో పూయదు.

ఈ జాతిలో ప్రతి పువ్వు ఒక్క రోజే ఉంటుంది. ఒకే కాడ మీద నిన్నటి పువ్వు వాడి వేలాడుతుంటే, దాని పక్కనే ఇవాళ్టిది విచ్చుకుని, రేపటి మొగ్గ పసుపు తిరిగి కనిపిస్తుంది. వాడిన పువ్వును కింది పచ్చని బుడిపెతో సహా తుంచేయండి. లేదంటే అది కాయగా మారి మొక్క బలాన్ని లాగేస్తుంది. మొగ్గలన్నీ అయిపోయాక కాడను మొదటికి కోసేయాలి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. 1975లో అమెరికాలో నమోదైన ఈ రకం చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే స్వభావం గలది. చలి అంతగా లేని మన మైదానంలో ఎంత చూసుకున్నా అక్కడిలా నెలల తరబడి పూస్తుందని ఆశించవద్దు. కొత్తగా కొనేటప్పుడు ఏడాది పొడవునా ఆకు నిలిచే సతత హరిత రకాన్ని, మళ్లీ మళ్లీ పూసే గుణం ఉందో లేదో అడిగి తీసుకోండి.

ఇంట్లో పిల్లి ఉంటే డేలిలీని దానికి అందని చోట నాటండి. ఆకు గానీ, పువ్వు గానీ, పుప్పొడి గానీ కాస్త లోపలికి పోయినా పిల్లుల మూత్రపిండాలు దెబ్బతింటాయి.