రోమియో జూలియెట్ వేయబోతున్న మేనకోడలికి

అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పాత్రల పట్టిక చూశాను. జూలియెట్ బంధువు టిబాల్ట్ ఎదురుగా ‘కోపిష్ఠి’, రోమియో స్నేహితుడు బెన్వోలియో ఎదురుగా ‘శాంతస్వభావి’, దాది ఎదురుగా ‘హాస్యం’ అని రాసుకున్నావు. పాత్రలను పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన మంచిదే. కానీ ఇంతటితో ఆగిపోతే రంగస్థలం మీద నడిచేవి అట్టబొమ్మలే. టిబాల్ట్, బెన్వోలియోల తేడా మొదటి రంగంలోనే తేలిపోతుంది. బెన్వోలియో తగవు ఆపడానికి కత్తి దూస్తాడు, టిబాల్ట్‌కు శాంతి అన్న మాటే నరకమంత అసహ్యం. వాళ్ల మీద ఎక్కువ రిహార్సళ్లు ఖర్చు పెట్టకు.

ముందు మూడో అంకంలో రెండు, మూడు రంగాలను కలిపి చదువు. వార్త ఒక్కటే: టిబాల్ట్‌ను చంపినందుకు రోమియోకు వెరోనా నుంచి బహిష్కారం. జూలియెట్ మొదట, తను రహస్యంగా పెళ్లాడిన మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిడుతుంది. దాది కూడా వంత పాడేసరికి ఆమె మీదే విరుచుకుపడుతుంది. ఆ క్షణం నుంచి ఏడుస్తూనే ఆలోచిస్తుంది. తన భర్త చంపకపోతే టిబాల్టే అతణ్ణి చంపేవాడు కదా అని తనకు తానే నచ్చజెప్పుకుంటుంది. చివరికి ఆమె కూడా చావునే తలుచుకుంటుంది, కానీ అక్కడిదాకా ఆలోచిస్తూ వెళ్తుంది. తర్వాతి రంగంలో రోమియో నేల మీద పడి ఏడుస్తాడు, లేవమన్నా లేవడు, బాకు తీసి పొడుచుకోబోతాడు. నువ్వు మగవాడివేనా అని, వాళ్లకు పెళ్లి చేసిన సన్యాసి ఫ్రయర్ లారెన్స్ గద్దించాల్సి వస్తుంది. ఇద్దరినీ చూసిన దాది మాత్రం ఇతనిదీ అచ్చం మా అమ్మాయి పరిస్థితే అంటుంది! ఆమెకు కనబడింది కన్నీళ్లే. తేడా కనిపెట్టాల్సింది ప్రేక్షకుడు. అందుకని రోమియోను పిరికివాడిలా ఆడించకు, నవ్వు వచ్చిందంటే రంగం చెడినట్టే.

షేక్స్‌పియర్‌కు ఆధారమైన ఆర్థర్ బ్రూక్ కావ్యంలో (1562) జూలియెట్‌కు దాదాపు పదహారేళ్లు. షేక్స్‌పియర్ పద్నాలుగు కూడా నిండనివ్వలేదు. ఆ వయసు, ఆ తెగువ ఒకే మనిషిలో కనబడాలి. కాబట్టి ఆ పాత్రధారిణిని పెద్దదానిలా గంభీరంగా మాట్లాడమనకు.

ఇక జూలియెట్ తండ్రి కాప్యులెట్. మొదటి అంకంలో, జూలియెట్‌ను పెళ్లాడతానని అడిగిన పారిస్‌తో, అమ్మాయి ఒప్పుకోవడమే ముఖ్యం, నా ఇష్టం అందులో ఒక భాగమే అంటాడు. విందులో శత్రువు కొడుకని తెలిసినా రోమియోను మెచ్చుకుంటాడు. అదే మనిషి మూడో అంకంలో కూతుర్ని అడుక్కు తిను, వీధిలో పడి చావు అంటాడు. మొదటినుంచీ మీసం మెలేయిస్తే ఇదంతా వృథా. అలాగని హఠాత్తుగా మారిపోయాడనీ అనుకోకు. విందులోనే టిబాల్ట్ ఎదురు చెప్పగానే, ఇక్కడ యజమానిని నేనా నువ్వా అని ఎగిరిపడతాడు. ఆ మాటను నటుడు గట్టిగా పలికితే తర్వాతి కోపానికి పునాది పడుతుంది.

దాదికి నవ్వించగల అమ్మాయిని వెతుకుతున్నావని మీ అమ్మ చెప్పింది. నవ్వించడం ఒక్కటే చాలదు. తండ్రి తిట్టి వెళ్లాక, రోమియోను మరిచిపోయి పారిస్‌ను చేసుకోమని సలహా ఇచ్చేది ఈ దాదే. అది కుట్రతో కాదు, ప్రేమతోనే అన్నట్టు ఉండాలి. జూలియెట్ బదులుగా, నన్ను చాలా బాగా ఓదార్చావు అంటుంది. ఆ మాటలో వెటకారం వద్దు, మామూలు గొంతుతో చెప్పించు. దాది నిజమని నమ్మి వెళ్లిపోవాలి. ఇంకా ఎవరినీ ఖాయం చేయకపోతే, ఈ రెండు మాటలూ ఇచ్చి చదివించి చూసి ఎంచుకో.

మీ మామయ్య