చిన్న గ్యాలరీలో మొదటి గ్రూప్ షో: గది ఒకటే, బొమ్మలు 25. ఎలా తగిలించాలి?

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు తెలియాలి కదా. హైదరాబాద్‌లో ఒక ఇంటి కింది అంతస్తును గ్యాలరీగా మార్చారు. అందులో మీరు నలుగురు కలిసి వారం రోజుల షో పెడుతున్నారు. గది 18 అడుగులు × 14 అడుగులు, పైకప్పు ఎత్తు 10 అడుగులు. మీ దగ్గర ఆయిల్, అక్రిలిక్, ఎచింగ్ ప్రింట్లు (లోహపు ప్లేటు మీద ఆమ్లంతో గీతలు తొలిచి కాగితం మీద అచ్చు తీసినవి) కలిపి 25 ఉన్నాయి. అన్నీ పట్టిస్తే బాగుంటుందా అన్నది ప్రశ్న.

బాగుండదు. లెక్క చూడండి. నాలుగు గోడలు కలిపి 64 అడుగులు, వాకిలికి 4 పోతే 60. బొమ్మ సగటు వెడల్పు 2 అడుగులు అనుకున్నా 25 బొమ్మలు 50 అడుగులు తినేస్తాయి. మిగిలిన 10 అడుగులు పంచితే బొమ్మకీ బొమ్మకీ మధ్య 5 అంగుళాలు కూడా ఉండవు. దేవుడి పటాల కొట్టులా ఉంటుంది. బొమ్మలు గోడ పొడవులో సగం మించకూడదని నా లెక్క. అంటే మీ గదికి 15. మిగతా పది లోపల గదిలో పెట్టండి, అడిగినవాళ్లకు తీసి చూపించొచ్చు.

తలా ఇన్ని అని సమానంగా పంచుకోవడం దగ్గరే చాలా గ్రూప్ షోలు చెడతాయి. బొమ్మల్ని కాదు, గోడను పంచుకోండి. మనిషికి 15 అడుగులు. ఒకరు అందులో ఒకే పెద్ద కాన్వాస్ పెట్టుకుంటారు, ఇంకొకరు ఐదు చిన్న ప్రింట్లు వరసగా పెట్టుకుంటారు. ఎవరి గోడకు వాళ్లు జవాబుదారీ కాబట్టి గొడవ కూడా తక్కువ.

తగిలించే రోజుకు ముందే బొమ్మలన్నీ తెచ్చి, గోడ కింద పాత దుప్పటి పరిచి ఆనించి చూడండి. మేకు కొట్టాక మనసు మారితే గోడకు బొక్కలే మిగులుతాయి. ఖాళీల లెక్క సులువు: 18 అడుగుల గోడ అంటే 216 అంగుళాలు. 24 అంగుళాల వెడల్పు బొమ్మలు నాలుగు పెడితే 96 పోయి 120 మిగులుతాయి. నాలుగు బొమ్మలకు ఐదు ఖాళీలు, ఒక్కోటి 24 అంగుళాలు. వాకిలి పక్క ఖాళీ మాత్రం ఇంకాస్త ఎక్కువ ఉంచండి, లోపలికొచ్చే జనం భుజాలు తగులుతాయి.

ఎత్తు విషయంలో అందరూ చేసే తప్పు పై అంచులు కలపడం. కలపాల్సింది బొమ్మల మధ్య బిందువులు. నేల నుంచి 58 అంగుళాల దగ్గర గోడ పొడవునా దారం కట్టండి, ప్రతి బొమ్మ నడిమీ ఆ దారం మీదికి రావాలి. మేకు ఎక్కడ కొట్టాలంటే: 58కి బొమ్మ ఎత్తులో సగం కలపండి, వెనక తీగను వేలితో పైకి లాగినప్పుడు అది పై అంచుకు ఎంత కిందికి ఉందో అంత తీసేయండి. 36 అంగుళాల ఎత్తు బొమ్మ, తీగ 4 అంగుళాల కిందికి ఉంది అనుకుందాం. 58 + 18 − 4 = 72 అంగుళాల దగ్గర మేకు. తీగను వదులుగా ఉంచి కొలిస్తే బొమ్మ లెక్క తప్పి కూర్చుంటుంది, అందుకే లాగి కొలవమన్నది.

ఒకే మేకు మీద వేలాడే బొమ్మ తలుపు దబ్బున పడిన ప్రతిసారీ ఓ పక్కకు ఒరుగుతుంది. రెండడుగుల వెడల్పు దాటితే రెండు మేకులు వేయండి. రెండూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో మేస్త్రీల రసమట్టం పెట్టి చూడాలి, కంటిని నమ్మొద్దు. చేపల గాలపు నైలాన్ దారం కనబడదు కదా అని వాడతారు. బరువుకు అది సాగుతుంది, పొద్దున వచ్చి చూస్తే బొమ్మ కిందికి దిగి ఉంటుంది. పేనిన స్టీలు తీగే వాడండి. తీగ కట్టే రింగుల్ని పై నుంచి మూడో వంతు దగ్గర బిగించాలి. ఆ స్క్రూ చెక్క మందం కంటే పొడుగుంటే కాన్వాస్‌లోంచి ముందుకు పొడుచుకొస్తుంది, బిగించే ముందే చెక్క పక్కన పెట్టి చూసుకోండి.

ఇటుక గోడకు 6 మిల్లీమీటర్ల బిట్, దానికి సరిపడే ప్లాస్టిక్ ప్లగ్, 35 మిల్లీమీటర్ల స్క్రూ చాలు. రంధ్రంలో దుమ్ము ఊదకుండా ప్లగ్ దించితే అది జారుతుంది. చాలామంది స్క్రూని తప్పుపడతారు గానీ తప్పు దుమ్ముది. వానాకాలం షో అయితే ప్రింట్లను బయటి గోడకు పెట్టొద్దు, చెమ్మకు కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. తప్పదంటే ఫ్రేము వెనక కింది మూలల్లో బిరడా ముక్కలు అతికించండి, గాలి ఆడుతుంది.

అక్రిలిక్ గురించి ఒక్క జాగ్రత్త. బబుల్ షీట్ నేరుగా బొమ్మకు చుట్టకండి. ఎండలో ఆటోలో తెచ్చేసరికి రంగు మెత్తబడి బుడగల గుర్తులు అచ్చు పడతాయి, ఆ మచ్చలు పోవు. ముందు గ్లాసీన్ అనే నున్నటి పల్చటి కాగితం, దాని మీద బుడగలు బయటికి ఉండేలా షీట్. రెండు బొమ్మల ముఖాలు ఆనించి కట్టడం అంతకన్నా ప్రమాదం, అతుక్కుపోతాయి. కొత్తగా వేసిన ఆయిల్ బొమ్మలు తాకితే ఆరినట్టు ఉన్నా లోపల పచ్చిగానే ఉంటాయి, షో కోసం హడావుడిగా వార్నిష్ కొట్టొద్దు.

లైట్లు: మీ పైకప్పుకు గోడ నుంచి 3 అడుగుల దూరంలో ట్రాక్ (లైట్లు బిగించే పట్టీ) ఉంటే వెలుగు దాదాపు 30 డిగ్రీల కోణంలో బొమ్మ మధ్యకు పడుతుంది. ఇంకా దగ్గరైతే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, దూరమైతే చూసేవాడి తల నీడ. బల్బు సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 పైన ఉండాలి, లేకపోతే ఎరుపులు మట్టిరంగులో కనిపిస్తాయి. అద్దం బిగించిన ప్రింట్లను వాకిలికి ఎదురుగా పెట్టకండి, అద్దంలో రోడ్డే కనిపిస్తుంది.

ఎచింగ్‌కు మౌంట్ (ఫ్రేములో ప్రింటు చుట్టూ పెట్టే అట్ట) కోసేటప్పుడు ప్లేటు నొక్కిన గీత దాచొద్దు, దాని బయట సెంటీమీటరు కాగితం కనబడాలి. కింద పెన్సిల్‌తో రాసిన 3/20 లాంటి సంఖ్య, సంతకం కూడా బయటికి ఉండాలి. ఎచింగ్‌లకు పేరున్న చిత్రకారుడు లక్ష్మా గౌడ్ పనిచేసిన హైదరాబాద్‌లో కూడా "ఇది జిరాక్సా?" అని అడిగేవాళ్లు తప్పక వస్తారు. ప్లేటు నుంచి చేత్తో తీసినవి మొత్తం 20, ఇది మూడోది అని లేబుల్ మీదే ఒక వాక్యం రాస్తే రోజంతా చెప్పే పని తప్పుతుంది. లేబుల్ మీద కొలత రాసేటప్పుడు ఎత్తు ముందు, వెడల్పు తర్వాత.

డబ్బు మాటలు తగిలించకముందే కాగితం మీద పెట్టండి. గ్యాలరీ వాటా మామూలుగా 30 నుంచి 50 శాతం మధ్య ఉంటుంది. రాయాల్సిన అసలు సంగతి వేరే: కొనేవాడు అడిగిన తగ్గింపు ఎవరి వాటాలోంచి పోతుంది, షో అయ్యాక ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారు. గ్యాలరీలో ఒక ధర, ఇంట్లో ఇంకో ధర పెట్టకండి. రెండో షోకు ఆ గ్యాలరీ పిలవదు.

బొమ్మలు అప్పజెప్పేటప్పుడు ఒక్కోదానికి ముందు, వెనక, నాలుగు మూలల ఫోటోలు తీసి, జాబితా మీద గ్యాలరీ వాళ్ల సంతకం తీసుకోండి. దించేటప్పుడు అవే ఫోటోలతో సరిచూసుకోండి. గోడకు పుట్టీ పెట్టి రంగు వేసే ఖర్చు ఎవరిదో కూడా ఆ జాబితా కిందే రాయించండి, చివరి రోజు సాయంత్రం తగాదా వచ్చేది దాని మీదే.